నడుము కండరములు - వెన్నెముక శస్త్రచికిత్స

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక శస్త్రవైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యమును గూర్చి మాటలాడుటకు వైద్యుడు వచ్చుచున్నాడనగానే మంచినీటిని గూర్చియో, దోమలను గూర్చియో చెప్పునని మీరు తలచియుందురు. ఆ విషయములు చెప్పువారు మీకు పలువురు కలరు. నేను నడుమును గూర్చి చెప్పదలచితిని. నాట్ల కాలమున సాయంత్రపు వేళ ఏ వీధిలో నడచినను అరుగుల మీద వినవచ్చు మాట ఒక్కటియే: “నడుము పడిపోయింది.” నడుము పడిపోయినచో కూలి పోవును, కూలి పోయినచో ఆ ఇంటి పిల్లవాని చదువు పోవును. కనుక ఇది పంచాయతీకి సంబంధింపని విషయమని మీరనరు.

కొంతకాలము క్రిందట ధాన్యపు బస్తాలు మోయు హమాలీ యొకడు నా యొద్దకు వచ్చెను. వయస్సు నలుబదికి లోపు. రెండు సంవత్సరములకు పూర్వము అతనికి ఒక పట్టణమున వెన్నెముకకు ఆపరేషను జరిగినది. అంతకు ముందు కుడికాలిలో పిరుదు నుండి పాదము వరకు మంటగా లాగుచుండిన నొప్పి, ఆపరేషనైన మరునాటికే పోయినది. కాని నడుములో సత్తువ లేదు. నీళ్ళ బిందె ఎత్తలేడు. గంటసేపు ఒకచోట కూర్చుండలేడు. “ఆపరేషన్ ఫెయిలయ్యింది సార్, ఇంకోటి చెయ్యండి” అని అతడు వేడుకొనెను. ఉన్న అర ఎకరము అప్పటికే తాకట్టులో నున్నది. రెండవ ఆపరేషనుకై దానిని అమ్మివేయుటకు సిద్ధపడి వచ్చినాడు.

నేను అతని ఎమ్.ఆర్.ఐ. చిత్రమును చూచితిని. నరము మీద ఒత్తిడి ఏమియు లేదు. మొదటి వైద్యుడు తన పని సరిగనే చేసినాడు. అయితే వెన్నుపూసల ప్రక్కన, ఆరోగ్యవంతునికి నల్లని కండ కనిపించవలసిన చోట, తెల్లని చారలు కనిపించినవి. ఆ చిత్రములో తెలుపు కొవ్వునకు గుర్తు. కండ క్షీణించి దాని స్థానమున కొవ్వు చేరినది. అతనికి కావలసినది మరియొక కోత కాదు. ఈ సంగతి రెండేండ్లలో అతనికి చెప్పినవారు లేకపోయిరి. నేడు నేను చెప్పబోవునదంతయు ఆ తెల్లని చారలను గూర్చియే.

వెన్నెముకను మనము ఇంటి నిట్టాడి వంటిదని యనుకొందుము. నిట్టాడిని పాతినచో తనంతట తాను నిలుచును. వెన్నెముక అట్లు నిలువజాలదు. నడుము భాగమున ఐదు పూసలు ఒకదానిపై నొకటి పేర్చబడియున్నవి. పూసకు పూసకు నడుమ మెత్తని బిళ్ళ యొకటి కలదు. మీరు డిస్క్ అని వినుచున్నది ఇదియే. పూసల వెనుక ఎముకలతో కట్టిన సొరంగము వంటి దారి కలదు; అందులో నరములు పోవుచుండును. వెన్నుపాము నడుము పైభాగముననే ముగియును. అచ్చటి నుండి క్రిందికి నరములు గుఱ్ఱపు తోక వలె జుట్టుగా దిగును. వైద్యులు దానికి ఆ పేరే పెట్టిరి.

1992లో అమెరికాలో క్రిస్కో, పంజాబీ అను ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. మృతదేహముల నుండి తీసిన నడుము వెన్నెముకలపై కండనంతయు తొలగించి, ఎముకలను, బిళ్ళలను, వానిని కట్టియుంచు నారలను మాత్రము ఉంచి, పైనుండి బరువు మోపి చూచిరి. సుమారు 9 కిలోల బరువునకే ఆ వెన్నెముక ప్రక్కకు ఒరిగిపోయినది. మన హమాలీ వీపున మోయు ధాన్యపు బస్తా 75 కిలోలు. మిగిలిన బరువును ఎవరు మోయుచున్నారు? కండరములు మోయుచున్నవి. గోదావరిలో తెరచాప పడవలను చూచిన పెద్దలు ఈ సభలో నుందురు. తెరచాప కొయ్య నిలుచునది తన బలము చేత కాదు. నలువైపుల బిగించిన మోకుల చేత. ఒక ప్రక్క మోకు వదులైనచో కొయ్య ఎంత గట్టిదైనను గాలికి ఆగదు.

ఇప్పుడు మీ చేతిని వెనుకకు త్రిప్పి నడుమును తడవి చూచుకొనుడు. సంకోచపడవలదు, నేనును చూచుకొనుచున్నాను. నడిమి గాడిలో గట్టిగా తగులునవి పూసల ముళ్ళు. దానికి రెండు ప్రక్కల రెండు త్రాళ్ళ వలె కండ ఉబికియుండును. చేతికి ఒక్కటిగా తోచు ఈ కండ నిజమునకు ఒక్కటి కాదు. చర్మమును, దాని క్రింది కొవ్వును తొలగించినచో మొదట గోనెపట్ట వలె గట్టిగా నేసినట్లున్న తెల్లని పొర కనబడును. దాని క్రింద వెలుపలి ప్రక్కగా పొడుగాటి కండరములు రెండు గలవు. ఒకదాని పేరు ఇలియోకాస్టాలిస్, రెండవదాని పేరు లాంగిసిమస్. ఇవి కటి భాగము నుండి పైకి ప్రక్కటెముకల వరకు సాగి, వంగిన దేహమును పైకి లేపును. వెన్నెముకకు ముందువైపునను పెద్ద కండరములున్నవి గాని మన కథలో వాని పాత్ర తక్కువ.

మన కథకు నాయకుడు అన్నిటికంటె లోపల, పూసల ముళ్ళకు అంటుకొని యుండు కండరము. దాని పేరు మల్టిఫిడస్. లాటిను భాషలో పలు చీలికలు గలదని అర్థము. పేరు తగియున్నది. ఒక్కొక్క పూస ముల్లు నుండి బయలుదేరిన చీలికలు రెండు మూడు పూసలను దాటి క్రింది పూసలకు అంటుకొనును. ఈ విధముగా ప్రతి పూసను క్రింది పూసలతో వేరువేరుగా బిగించు పని దీనిది. దీని పోగులు పొట్టివి, కాని మిక్కిలి దట్టమైనవి. 2009లో కాలిఫోర్నియా పరిశోధకులు ఈ పోగులను కొలిచి ఒక విశేషమును తెలిపిరి. మనిషి ముందునకు వంగిన కొలది ఈ కండరము బలహీనపడదు, బలపడును. వంగి పనిచేయుట మానవునికి సరిపడదని కొందరు చెప్పుదురు. ఆ మాట నాకు సమ్మతము కాదు. వంగుట కొరకే ఈ కండరము ఏర్పడినట్లున్నది.

అయితే నాట్లు వేయు స్త్రీల నడుము ఏల నొచ్చుచున్నది? దీనికి ఉత్తరము చాల పాతది. 1955లో ఇంగ్లండులో ఫ్లాయిడ్, సిల్వర్ అను వారు నడుము కండరములలో పుట్టు విద్యుత్తును కొలిచిరి. వంగుట మొదలిడినప్పుడు కండరములు చురుకుగా పనిచేసినవి. కాని పూర్తిగా వంగి అట్లే యుండిపోయినప్పుడు అవి మౌనము వహించినవి! అనగా ఆ స్థితిలో దేహపు బరువు కండ మీద లేదు. పూసలను కట్టియుంచు నారల మీదను, బిళ్ళల మీదను వ్రేలాడుచున్నదన్నమాట. గంటల తరబడి వంగియే యున్నచో ఆ నారలు సాగును. అటువంటి వేళ చటుక్కున లేచి, ప్రక్కకు తిరిగి, తడి నారుకట్టను ఎత్తినప్పుడు నడుము పట్టుకొనును. వంగుట తప్పు కాదు. వంగియే యుండిపోవుట, ఆ వెంటనే బరువెత్తుట, ఇవి ప్రమాదకరములు. ముఠామేస్త్రి కొంతసేపటి కొకసారి అందరిని నిటారుగా నిలిచి నాలుగడుగులు వేయుమని చెప్పినచో పని చెడదు. ఇందుకు ఏ పథకమును, ఏ నిధియు అక్కరలేదు.

నడుము ఒకసారి పట్టుకొన్న తరువాత ఏమగును? ఆస్ట్రేలియాలో జూలీ హైడ్స్ అను పరిశోధకురాలును, ఆమె సహచరులును 1994లో ఒక సంగతి కనుగొనిరి. నొప్పి యే ప్రక్కన, ఏ పూస వద్ద కలదో, సరిగా ఆ చోటనే మల్టిఫిడస్ సన్నబడినది. 1996లో వారు ఇంకను ముఖ్యమైన విషయమును ప్రకటించిరి. కొలది వారములలో నొప్పి పోయినను కండ తనంతట తాను తిరిగి రాలేదు. ఆ కండకు ప్రత్యేకముగా వ్యాయామము నేర్పినవారిలో మాత్రము తిరిగి వచ్చినది. ఆ చూచినవారు 39 మందియే. చిన్న సంఖ్య యని ఒప్పుకొనవలెను. అయినను ఒక సంవత్సరము గడచునప్పటికి వ్యాయామము చేసినవారిలో నూటికి 30 మందికి, చేయనివారిలో నూటికి 84 మందికి నొప్పి మరల వచ్చినది. “పోయినేడు పట్టుకుంది, మళ్ళీ ఈ ఏడూ పట్టుకుంది” అని మన యూళ్ళలో వినునది ఇదియే కదా!

ఇక శస్త్రచికిత్సకు వత్తము. 1934లో బోస్టను నగర వైద్యులు మిక్స్టర్, బార్ అనువారు, కాలిలోనికి దిగు నొప్పికి కారణము తరచుగా బిళ్ళలోని మెత్తని పదార్థము వెలికి చొచ్చుకొని వచ్చి నరమును నొక్కుటయే యని వెల్లడించిరి. ఆ ముక్కను తీసివేసినచో నొప్పి పోవునని చూపిరి. నేటికిని ఆ పని యథార్థమే. అయితే ఆ ముక్క లోతున నున్నది. అచ్చటికి చేరు దారిలో కండ కలదు. ఆ దారి ఏది యనునదే ప్రశ్న.

పాత దారి నడిమి దారి. చర్మమును నడిమి గాడి వెంట కోసి, మల్టిఫిడస్‌ను పూస ముల్లు నుండి ఒలిచి, ఇనుప పట్టకారులతో ప్రక్కకు లాగి పట్టుదురు. పని ముగిసిన పిదప వదలి కుట్టివేయుదురు. పైకి కుట్టు చక్కగా మానును. లోపల జరిగినది వేరు. బిగించి లాగిపట్టిన కండకు రక్తము అందదు. ఎంత గట్టిగా పట్టిరో, ఎంతసేపు పట్టిరో, కండ అంత చెడునని జపాను వైద్యులు 1990వ దశకమున చూపిరి. మధ్య మధ్య పట్టు సడలించినచో నష్టము తగ్గునని కూడ తెలిసినది. రెండవ చిక్కు నరము. మల్టిఫిడస్‌కు ప్రాణము పోయు సన్నని నరము పూస వెనుక ఎముకకు అదిమిపెట్టినట్లు ఒక చిన్న నార క్రిందుగా పోవును. అది ప్రక్కకు జరుగజాలదు; కావున ఆ చోట కండను దూరముగా లాగినచో తెగు ప్రమాదము కలదు. ప్రక్క పొలము కాలువ ఎండినప్పుడు మన కాలువ నుండి నీరు మళ్ళింపవచ్చును గాని, ఈ కండరపు చీలికలకు అట్టి యేర్పాటు చాల తక్కువ. ఏ చీలికకు ఏ నరమో అదియే. అది తెగినచో ఆ చీలిక ఎండి కొవ్వుగా మారును. మన హమాలీ నడుములోని తెల్లని చారలు ఇట్లు వచ్చినవే.

1968లో కాలిఫోర్నియాకు చెందిన లియోన్ విల్ట్సీ అను శస్త్రవైద్యుడు మరియొక దారిని వర్ణించెను. చేనిలోనికి పోవలసినవాడు పైరు త్రొక్కి పోవచ్చును. గట్టు వెంట పోవచ్చును. నడుము కండలో గట్టు ఎక్కడ నున్నది? మల్టిఫిడస్‌కు లాంగిసిమస్‌కు నడుమ సహజమైన సందు ఒకటి కలదు. నడిమి గీతకు సగటున 4 సెంటీమీటర్ల దూరమున నుండును. కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. పైపొరను కోసి వ్రేలితో వెదకినచో ఆ సందు తెలియును. వ్రేలు పోనిచ్చినచో రెండు కండరములు దాదాపు రక్తము లేకయే విడిపోవును, దారి నేరుగా పూస కీలు మీదికి దిగును. కండను ఒలుచుట లేదు, ముల్లు నుండి వేరు చేయుట లేదు. నేను మొదటిసారి నా వ్రేలు ఆ సందులో దిగినప్పుడు పొందిన ఆశ్చర్యము నేటికిని మరువలేదు. పుస్తకములో చదువుట వేరు.

అయితే గట్టు అన్ని మళ్ళకు పోదు. పూసలను మరలతో బిగించుటకు, ప్రక్కకు జారిన ముక్కను తీయుటకు ఈ దారి చక్కనిది. సరిగా నడుమ నరముల దారి ఇరుకైనప్పుడు నడిమి దారియే సులభము. అప్పుడు పైరును వీలైనంత తక్కువగా త్రొక్కుటయే వైద్యుని నేర్పు. 1977లో యాసర్గిల్, కాస్పార్ అనువారు సూక్ష్మదర్శిని సాయముతో చిన్న కోతలో ఈ పని చేయు పద్ధతిని ప్రకటించిరి. 1997లో ఫోలీ, స్మిత్ అనువారు కండ పోగులను కోయక, వానిని ఎడము చేయుచు సన్నని గొట్టమును దింపి అందులో నుండి ముక్కను తీసిరి.

ఇచ్చట ఒక హెచ్చరిక. నేడు పట్టణములలో గోడల మీద “చిన్న రంధ్రము, మరునాడే ఇంటికి” అను ప్రకటనలు మీరు చూచుచున్నారు. రంధ్రము చిన్నదగుట మంచిదే. కాని 2009లో ప్రకటింపబడిన డచ్చి దేశపు పరిశీలనలో, 328 మంది రోగులలో గొట్టపు పద్ధతికి, సూక్ష్మదర్శినితో చేయు మామూలు పద్ధతికి ఫలితములలో గొట్టపు పద్ధతి మెరుగని తేలలేదు. కాలినొప్పి, నడుమునొప్పి విషయమున మామూలు పద్ధతియే కొంచెము మేలుగా కనబడినది. రంధ్రపు కొలతను చూచి పొలము తాకట్టు పెట్టరాదు. వైద్యుని అడుగవలసిన ప్రశ్న ఇది: “అయ్యా, మీరు తీయబోవునది ఏ నరము మీది ఒత్తిడిని? నా నొప్పికి అదియే కారణమా?” ఒత్తిడి పడిన నరము కాలిలో నొప్పి పుట్టించును. కాలినొప్పికి శస్త్రచికిత్స బాగుగా పనిచేయును. కాలిలోనికి దిగని కేవల నడుమునొప్పికి అంత నమ్మకముగా పనిచేయదు. అది పెక్కుసార్లు కండ నొప్పి.

కాలినొప్పికైనను తొందర అక్కరలేదు. 2007లో ప్రకటింపబడిన మరియొక డచ్చి పరిశీలనలో 283 మంది రోగులను రెండు గుంపులు చేసిరి. ఒక గుంపునకు త్వరగా ఆపరేషను చేసిరి. రెండవ గుంపును కొన్నాళ్ళు ఆగి చూచిరి, అవసరమైన వారికి తరువాత చేసిరి. త్వరగా చేసినవారు త్వరగా కోలుకొనిరి. కాని సంవత్సరము తిరుగునప్పటికి రెండు గుంపులలోను నూటికి 95 మంది కోలుకొంటిమని చెప్పిరి. ఆగినవారిలో నూటికి 39 మందికి మాత్రమే ఆ సంవత్సరములో ఆపరేషను అవసరమైనది. నొప్పి భరింపరానిదైనచో చేయించుకొనుట తప్పు కాదు. భరింపగలిగినచో, మంచము పట్టక, నడచుచు, వేచి చూచుట కూడ వైద్యమే.

వేచి చూడరాని సందర్భములు కొన్ని యున్నవి. ఇవి మీరు వ్రాసికొనుడు. ఊరిలో మొదట మీ గుమ్మము తట్టుదురు గనుక చెప్పుచున్నాను. నడుమునొప్పితో బాధపడువానికి మూత్రము బంధించినను, తెలియకుండ పోయినను, జీను మీద కూర్చున్నప్పుడు జీనుకు తగులు భాగము మొద్దుబారినను, రెండు కాళ్ళు బలము తప్పినను, అది గుఱ్ఱపు తోక నరములు నలుగుచున్న గుర్తు. 48 గంటలలోపు ఒత్తిడి తీసినచో కోలుకొను అవకాశము ఎక్కువ. ఒకసారి నాట్లు వేయు స్త్రీని ఐదవ నాడు తెచ్చిరి. సిగ్గు చేత ఆమె ఎవరికిని చెప్పుకొనలేదు. ఆపరేషను చేసితిని. కాళ్ళు వచ్చినవి, మూత్రపు పట్టు నేటికిని రాలేదు. ఆశా కార్యకర్తల ద్వారా ఈ ఒక్క గుర్తునైనను స్త్రీలకు తెలియజేయుడు. జ్వరముతోను, బరువు తగ్గుటతోను కూడిన నడుమునొప్పి వెన్నెముక క్షయ కావచ్చును. దానికి మందులు గలవు. తాటిచెట్టు నుండి పడిన గీత కార్మికుని కాళ్ళు చేతులు పట్టి ఎత్తవలదు. నలుగురు చేరి, నడుము వంగనీయక, ఒక్క మారుగా బల్ల మీదికి చేర్చి 108 వాహనమును పిలువుడు. పంచాయతీ కార్యాలయమున అట్టి వెడల్పాటి బల్ల యొకటి సిద్ధముగా నుండుట మేలు.

ఇంక హమాలీ సంగతి. అతనికి నేను కత్తి పట్టలేదు. ఫిజియోథెరపిస్టు వద్ద రెండు మూడు వ్యాయామములు నేర్పించితిని. ఒకటి పశువు వలె మోకాళ్ళ మీదను అరచేతుల మీదను నిలిచి, కుడిచేతిని ఎడమకాలిని ఒకసారి చాచి నిలుపుట, పిదప ఎడమచేతిని కుడికాలిని. రెండవది వెల్లకిల పండుకొని మోకాళ్ళు మడిచి పిరుదులను పైకెత్తుట. మొదట అతడు నవ్వినాడు. “దీనికేనా సార్, ఇంత దూరం వచ్చింది?” అన్నాడు. పది వారముల తరువాత నీళ్ళ బిందె ఎత్తినాడు. అర ఎకరము అమ్మలేదు. క్షీణించిన కండ యంతయు తిరిగి వచ్చినదని నేను చెప్పను. కొవ్వుగా మారిన భాగము మారదు, మిగిలిన భాగము బలపడినది. ఆపరేషనైన ప్రతివాడును ఆసుపత్రి వదలునాడే “నా కండకు ఏ వ్యాయామము? ఎప్పటి నుండి?” అని అడిగి, వ్రాయించుకొని రావలెను.

పంచాయతీ చేయదగినది ఒకటి చెప్పి విరమింతును. బరువు కంటె బరువును నేల నుండి ఎత్తుట నడుమునకు ఎక్కువ చేటు. మీ కుళాయిల వద్ద బిందె నేల మీద నిండుచున్నది. ఆడువారు వంగి, నిండు బిందెను నేల నుండి చంకకు ఎత్తుచున్నారు. కుళాయి ప్రక్కన నడుమెత్తు గద్దె యొకటి కట్టించినచో బిందె అచ్చటనే నిండును, నిలుచున్నవారి చంకకు నేరుగా చేరును. ధాన్యపు కాటా వద్దను అట్టి గద్దె యున్నచో బస్తా హమాలీ వీపునకు అందును. మనుష్యుడు మోయు బరువు 55 కిలోలకు మించనీయరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసినది. మన బస్తా ఇంకను 75 దగ్గరనే యున్నది. బస్తాను తగ్గించుట మీ చేతిలో లేకపోవచ్చును. గద్దెకు కావలసినవి కొన్ని ఇటుకలు, ఒక బస్తా సిమెంటు.

ఆ సిమెంటు బస్తాను మాత్రము ఇద్దరు పట్టి దింపుడు. ఇక మీ ప్రశ్నలు అడుగుడు. నాకు తెలిసినంత వరకు చెప్పెదను.